తిప్ప మీది చెలమ

మా నాయన ఒక ఏడు సముద్రం దగ్గర్నుంచి ఉప్పు బస్తాను మూతి విప్పకుండానే వాపసు తెచ్చాడు. లారీ దిగీ దిగగానే ఆ బస్తాను పంచలో పడేసి, వీధి వీధంతా వినపడేట్టు నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు మాత్రం ఇంటిల్లిపాదీ ఆయనతో కలిసి నవ్వాం.

ఉప్పు బస్తా వాపసు రావడంలో నవ్వడానికేముందని మీకు అనిపించవచ్చు. గొర్రెలున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు అనిపించదు. గొర్రెకు మేత ఎంతో ఉప్పూ అంతే. వారానికొకసారి పలక రాయి మీద కల్లుప్పు చల్లితే మంద మొత్తం ఒకదాని మీదొకటి ఎగబడి నాకుతుంది. ఉప్పు చాలకపోతే గోడలు నాకుతాయి, మన్ను తింటాయి, ఆరేసుకున్న చెమట చొక్కాలు నమిలేస్తాయి. మా అవ్వ రవికెలు రెండు అట్లాగే పోయాయి. బతికున్నన్నాళ్ళూ అవ్వ ఆ రవికెల మాట ఎత్తి మందను శాపనార్థాలు పెడుతూనే ఉండేది. అందుకే వలస పోయేటప్పుడు మావాళ్ళు బియ్యం మూట మర్చిపోతారేమో గానీ ఉప్పు బస్తా మర్చిపోరు.

మాది ఉదయగిరి కొండ కింద పల్లె. ఎర్ర నేల, రాళ్ళు, కంపచెట్లు. బోరు వేస్తే నీళ్ళు పడటమే గొప్ప, పడ్డా అవి కాస్త ఉప్పగానే ఉంటాయి. ఆ నీళ్ళతోనే పెరిగాం కాబట్టి అవి ఉప్పగా ఉన్నాయన్న సంగతే మాకు తెలీదు. పెళ్ళికొచ్చిన కోస్తా చుట్టాలు ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తే, వీళ్ళకు ఇంత సుకుమారం ఎక్కడిదబ్బా అనుకునేవాళ్ళం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. మా కొంప ముంచింది అదే.

నేను మందను వదిలిపెట్టినవాణ్ణి. ఆత్మకూరు బస్టాండుకు దగ్గరలో పశువుల మందుల షాపు పెట్టుకున్నాను. మందను అంటిపెట్టుకొని ఉన్నది మా నాయన, మా అక్క. అక్కకు పెళ్ళయింది. బావ కలిగిరిలో ఆటో తోలుతాడు. ఆయనకు గొర్రె వాసన పడదు, ఆమెకు ఆటో పొగ పడదు. అక్క ఏడాదిలో సగం రోజులు సముద్రం ఒడ్డున ఉంటుంది కాబట్టే ఆ కాపురం చల్లగా ఉందని నాయన బావ ముందరే అనేవాడు. బావ కూడా కాదనేవాడు కాదు.

కోస్తాలో వరి కోతలు అయ్యే వేళకు మా వైపు మేత అయిపోతుంది. ఒకప్పుడు పెన్న ఒడ్డు పట్టుకొని నడిపించుకుంటూ పోయేవాళ్ళు. ఇప్పుడు రెండంతస్తుల లారీలో ఎక్కించుకొని పోతారు. అక్కడ కోసిన పొలాల్లో మంద కడతారు. అంటే రాత్రిళ్ళు గొర్రెల్ని రైతు పొలంలో పడుకోబెడతారు. ఎరువు రైతుకు, మేత మాకు. మా నాయనకు అక్కడ ఒక ఆసామి ఉన్నాడు. మాట కరుకు, మనిషి మంచివాడు. ఆయన పొలాల్లో తప్ప నాయన ఇంకొకరి పొలంలో మంద కట్టగా నేను చూడలేదు. మళ్ళీ నాట్లకు పొలాలు తడిపే సమయానికి మా వైపు నాలుగు వానలు పడి పచ్చిక లేస్తే మంద ఇంటికి వచ్చేస్తుంది. వానలు పడకపోతే మందను తిప్పల మీదికి ఎక్కిస్తారు.

తిప్పలంటే ఇసుక మిట్టలు. ఒక్కటి కాదు, వరసలు. సముద్రం ఒడ్డు ఎటు సాగితే అవీ అటే సాగుతాయి, మడక తోలిన చాళ్ళ లాగా. ఒక మిట్ట, దాని వెనక పల్లం, మళ్ళీ మిట్ట, మళ్ళీ పల్లం. మావాళ్ళు సముద్రం వైపు నుంచి వాటికి పేర్లు పెట్టుకున్నారు. మొదటి తిప్ప అన్నిటికన్నా ఎత్తు, దాని ఇసుక తెల్లగా వదులుగా ఉండి కాలు పెడితే జారుతుంది. దాని వెనక నడిమి తిప్ప, దాని మీద సరుగుడు తోపు. ఆ వెనక తాళ్ళ తిప్ప. అక్కడ తాటిచెట్లు, ఇసుక ఎర్రబడి మట్టిలాగా గట్టిపడి ఉంటుంది. అది దాటితే ఆసామి పొలాలు.

చిన్నప్పుడు నాయనతో పోయినప్పుడు ఒకసారి తాళ్ళ తిప్ప మీద పొయ్యికని గుంట తీస్తుంటే పారకు ఆల్చిప్పలు తగిలాయి. సముద్రం అక్కడికి చాలా దూరం, చప్పుడు కూడా సరిగ్గా వినపడదు. ఇవి ఇక్కడికెట్లా వచ్చాయని ఆసామిని అడిగాను. ఆయన తీరుబడిగా తాటిచెట్టుకు వీపు ఆనించి చెప్పాడు. సముద్రం ఒకప్పుడు ఇక్కడే ఉండేదట. పెద్ద తుఫాను ఒకటి వచ్చి అడుగున ఉన్న ఇసుకను, గవ్వలను ఎత్తి ఒడ్డున గట్టులాగా పోసింది. తర్వాత ఏరు మోసుకొచ్చిన ఇసుక ఆ గట్టు ముందు చేరి చేరి సముద్రాన్ని వెనక్కు నెట్టింది. మళ్ళీ ఎప్పటికో ఇంకో తుఫాను, ఇంకో గట్టు. ఒక్కో తిప్పా ఒక్కో కాలంలో సముద్రం నిలబడిన చోటు. చెప్పి, ఆయన దులుపుకొని పోయాడు. నాకు ఆ తర్వాత తాళ్ళ తిప్ప మీద కూడా సరిగ్గా నిద్ర పట్టేది కాదు. ఒకచోట నిలబడి వెళ్ళిపోయినవాడు మళ్ళీ ఆ చోటికి రాడని ఏముంది?

నాయనకు అట్లాంటి ఆలోచనలు లేవు. ఆయనకు తిప్ప అంటే చెలమ. పొలాల్లో మంద కట్టిన రోజుల్లో కూడా పగలు మందను నీళ్ళకు అక్కడికే తోలేవాడు. మొదటి తిప్ప ఇవతలి వాలులో మోకాలి లోతు ఇసుక తోడితే చాలు, నీళ్ళు ఊరతాయి. తిప్పకు అవతల సముద్రం, కాళ్ళ కింద మంచినీళ్ళు. వాన నీళ్ళు ఇసుకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీళ్ళ పైన తేలుతూ ఉంటాయని ఆసామి అనేవాడు. పెన్న ఇసుకలో చెలమలు తోడి తాగిన జాతి మాది. నాయన రెండు చేతులతో తోడి, అంచులు జారకుండా చుట్టూ కంప నాటి, పక్కన తాటి దోనె పెట్టి నీళ్ళు నింపేవాడు. గొర్రెలు దోనెకు రెండు వైపులా బారులు తీరి తాగుతుంటే, అది చూడటానికే ఆయన అంత దూరం పోతాడనిపించేది.

బస్తా వాపసు వచ్చిన ఏడు ఆ చెలమ నీళ్ళు కాస్త ఉప్పగిల్లాయి. నాయన దోసిట్లో పోసుకొని తాగాడు. మా ఊరి బోరు నీళ్ళలాగే ఉన్నాయి, ఆయనకు తప్పుగా ఏమీ అనిపించలేదు. గొర్రెలైతే అంతకు ముందెప్పుడూ తాగనట్టు తాగాయి. ముందటి ఏడు మిగిలిన సంచిలో నుంచి పలక రాయి మీద చల్లిన ఉప్పు మాత్రం అట్లాగే ఉండిపోయి, మంచుకు తడిసి నీరయింది. రెండు మూడు వారాలు చూసి నాయన చల్లడం మానేశాడు, కొత్త బస్తా మూతి విప్పే పనే పడలేదు. ఇంటికి వచ్చి పంచలో కూర్చొని వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు.

"సముద్రం మనకు ఉప్పు ఊరికే ఇస్తాండాది. ఈడ నుంచి మోసకపోయినోడిది బుద్ధి తక్కువ."

గొర్రెల వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. వేరే ఎవరైనా నీళ్ళు ఉప్పగిల్లితే భయపడతారు. మావాళ్ళు సంతోషపడ్డారు.

ఆ మరుసటి ఏడు నాయన ఉప్పు బస్తా తీసుకుపోనే లేదు. ఆ ఏడే మా వైపు వానలు మొహం చాటేశాయి. కొండ మీద పచ్చిక లేవలేదు. పొలాలు తడిపే వేళకు మంద ఇంటికి రాకుండా మొదటి తిప్ప ఎక్కింది. కార్తీకం వచ్చినా అక్కడే ఉంది. గొర్రెలు చాలావరకు చూడితో ఉన్నాయి. ఆ కరువు ఏడాదికి నాయనా అక్కా నమ్ముకున్నదల్లా ఆ కడుపుల్లోని పిల్లలనే. అవి దక్కితే మంద నిలబడుతుంది, లేకపోతే నాయన కూడా ఎవరి మందకో జీతానికి పోవాలి. అక్క ఫోను చేసినప్పుడల్లా ఇదే చెప్పేది, ఆమె గొంతులో ఎప్పుడూ లేని బెంగ ఉండేది.

చిటుకు రోగానికి టీకాలు వేయాలని నేను ఐసు డబ్బా పట్టుకొని బయల్దేరాను. ఆత్మకూరు నుంచి నెల్లూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆటో, చివర్న ఇసుకలో నడక. తిప్ప ఎక్కి అవతలికి చూసి, డబ్బా దించి అట్లాగే నిలబడిపోయాను. నాకు తెలిసిన మొదటి తిప్ప సముద్రం వైపు నున్నగా వాలుగా ఉండేది. ఇప్పుడు అటు వైపు కత్తితో కోసినట్టు నిలువునా తెగి ఉంది. తెగిన చోట గడ్డి వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. కింద అలలు వచ్చి ఆ గోడ మొదట్లో తగులుతున్నాయి. పోయిన అమావాస్య పోటుకు అట్లా కోసిందని, గుడారాన్ని కాస్త వెనక్కు జరుపుకున్నామని అక్క చెప్పింది. పిల్లి పాలు తాగిపోయిందన్నంత మామూలుగా చెప్పింది.

నాయన ఇంకా మామూలుగా ఉన్నాడు. కోయడం, మళ్ళీ పోయడం సముద్రానికి అలవాటేనట. ఆయన కుర్రతనంలోనూ ఇట్లాగే కోస్తే ఎండాకాలం తిరిగేసరికి మళ్ళీ ఇసుక చేరిందట. ఈసారీ చేరతాదని ఏం నమ్మకమని అడిగితే, చేరతాదిలేరా అని గొర్రెల వైపు పోయాడు.

నేను టీకాలు వేసిన సాయంత్రమే ఒడ్డున పక్కనే ఉన్న పాళెంలో జాలర్లు పడవలను నడిమి తిప్ప మీదికి ఈడ్చుకొని పోయారు. అందరి ఫోన్లలోనూ తుఫాను మెసేజులు వచ్చాయి. ఆసామి పొలం నుంచి మనిషిని పంపాడు, మందను తాళ్ళ తిప్ప దాటించి తన కొట్టం దగ్గరికి తోలుకు రమ్మని. నాయన ఆ మనిషికి టీ పోసి పంపేశాడు. అతను పోయాక నా వైపు తిరిగాడు.

"ఇంత ఎత్తు వదిలి ఆ పల్లంలోకి దిగమంటాడేందిరా? నీళ్ళు యాడన్నా మిట్టెక్కతాయా?"

నేను ఏమంటాను? మా కొండల్లో పుట్టినవాళ్ళకు నీళ్ళంటే పైనుంచి వచ్చేవి. కొండ మీద కురిస్తే వాగు పొంగుతుంది, మిట్ట మీద ఉన్నవాడు బతుకుతాడు, కాసేపటికి వాగు తీస్తుంది. మా తాతల నుంచి తెలిసిన లెక్క అది. మొదటి తిప్ప అన్నిటికన్నా ఎత్తు, కాబట్టి అదే భద్రం. అది ఎందుకు ఎత్తుగా ఉందో మేం ఆలోచించలేదు. తుఫానులు మోసుకొచ్చి పోసేది ముందుగా దాని మీదే కాబట్టి అది ఎత్తు. ఎత్తిపోసినవాడే ముందుగా తీసుకుపోయేదీ దాన్నే.

తెల్లవారేసరికి గాలి మొదలైంది. వాన సూదుల్లాగా అడ్డంగా కొడుతోంది. నాయన గొంగడి కప్పుకొని సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. అలలు గోడ మొదట్లో పగులుతున్నాయి గానీ పైకి రావడం లేదు. చూడు, మనదాకా రావట్లేదు కదా అన్నట్టు మధ్య మధ్యలో నా వైపు తల తిప్పుతున్నాడు. గొర్రెలు ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చి గుంపుగా నిలబడ్డాయి. నాకు ఆ పూట ఒక్క క్షణం కూడా ధైర్యం లేదు. నాయన కళ్ళలోకి చూసి తెచ్చుకుందామన్నా అక్కడ ఉన్నది ధైర్యం కాదు, మొండితనం అని తెలుస్తూనే ఉంది.

అక్క గిన్నె పట్టుకొని చెలమ దగ్గరికి పోయింది. పోయిన కాసేపటికే ఖాళీ గిన్నెతో తిరిగి వచ్చింది. గాలికి గట్టిగా అరిచి చెప్పాల్సిన మాట అది, ఆమె మాత్రం నాయన చెవి దగ్గరికి పోయి చెప్పింది.

"నాయనా, చెలమ దానంతటదే నిండతాండాది."

ముగ్గురం పోయి చూశాం. ఎప్పుడూ మోకాలి లోతులో ఉండే నీళ్ళు అంచుదాకా వచ్చి ఉన్నాయి. మేం చూస్తుండగానే కంప మీదుగా పొర్లి వాలులోకి పారడం మొదలుపెట్టాయి. వాన నీళ్ళు కావవి, అడుగు నుంచి బుడబుడమని పైకి తోసుకొస్తున్నాయి. నేను దోసెడు తీసుకొని నోట్లో పోసుకున్నాను. మా ఊరి బోరు నీళ్ళు కావు, అచ్చంగా సముద్రం. ఉమ్మేసి తలెత్తి పడమటి వైపు చూశాను. మా వెనక, మేం వచ్చిన దారిలో, పల్లం లేదు. తెల్లగా నీళ్ళు. మేం తూర్పు వైపు చూస్తూ నిలబడితే, సముద్రం ఉత్తరాన కాలువ వచ్చి తనలో కలిసే మొగలో నుంచి దూరి, పల్లం వెంబడి మా వీపు వెనక్కు వచ్చి కూర్చుంది.

నాయన మొహంలో రంగు పోయింది. అయినా చేతులు ఆగలేదు. గొంతు చించుకొని మందను లేపాడు. గొర్రె నీళ్ళలోకి దిగదు, చంపినా దిగదు. ముందు ఎవరో ఒకరు దిగాలి. మా మందలో దారి చూపడానికి ఒక మేకపోతు ఉండేది. అక్క దాని కొమ్ములు పట్టుకొని ఈడ్చుకుంటూ నడుముల్లోతు నీళ్ళలోకి దిగింది. అది అరుస్తూ, తన్నుకుంటూ ఆమెతో పాటు ఈదింది. దాని వెనక ఒకటి దూకింది, దాని వెనక ఇంకొకటి, తర్వాత బిలబిలమని దూకాయి. నేను చేతికందిన వాటినల్లా నీళ్ళలోకి తోశాను. చూడి గొర్రెలు మాత్రం అంచుదాకా వచ్చి, బరువు కడుపులతో వెనక్కు తిరిగి, మళ్ళీ తిప్ప పైకే ఎక్కాయి. అవీ మా నాయన లాగే ఎత్తును నమ్ముకున్నాయి. నాయన రెండుసార్లు వాటి కోసం వెనక్కు పోయాడు. మూడోసారి పోబోతుంటే నేను ఆయన గొంగడి పట్టుకొని ఈడ్చేశాను.

నడిమి తిప్ప మీద సరుగుడు చెట్లు పట్టుకొని వెనక్కు చూశాం. అప్పటికి అలలు మొదటి తిప్ప మీదుగా ఇవతలికి పొర్లుతున్నాయి. తిప్ప ముందు వైపు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. నెత్తి మీద మిగిలిన గొర్రెలు ఒక ముద్దలాగా నిలబడి ఉన్నాయి. అరుస్తున్నాయో లేదో ఆ గాలిలో తెలీలేదు. ఒక పెద్ద అల వచ్చి పోయాక ముద్ద చిన్నదయింది. ఇంకొకటి వచ్చాక నేను చూడటం మానేశాను. నాయన మాత్రం చివరిదాకా చూశాడు. ఆయన్ను అక్కణ్ణుంచి కదిలించి ఆసామి కొట్టానికి చేర్చేసరికి అక్కకూ నాకూ తలప్రాణం తోకకు వచ్చింది.

గాలి తగ్గాక ఆసామితో కలిసి మళ్ళీ పోయాం. మొదటి తిప్ప ఉన్న చోట చదునుగా ఉంది. దాని ఇసుకంతా సముద్రం పల్లంలోకి విసిరేసి, విసనకర్ర పరిచినట్టు పరిచింది. పల్లం సగం పూడిపోయింది. గొర్రెలు అక్కడక్కడా ఇసుకలో సగం కూరుకుపోయి కనిపించాయి. చెలమ ఎక్కడుండేదో, గుడారం ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాం. తిప్ప పోలేదని, ఇటు నడిచి వచ్చిందని, ఇంకో పెద్ద తుఫాను వస్తే ఇంకాస్త నడుస్తుందని ఆసామి అన్నాడు. వాళ్ళ నాయన కాలంలో అమావాస్య పోటు ఎక్కడ ఆగేదో, ఇప్పుడు మామూలు పోటే అక్కడిదాకా వస్తోందట. తన పొలం గట్టు మీది బోరు కూడా రెండేళ్ళుగా ఉప్పగిల్లుతోందట. తర్వాత నాయనను అడిగాడు, కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

"సముద్రం ముందు కింద నుంచి వస్తాదయ్యా. పైనుంచి వచ్చేది ఆ తర్వాతే. నీ చెలమ నీకేం చెప్పలేదా?"

నాయన ఉన్నచోటే ఇసుకలో కూర్చుండిపోయాడు. ఇంటి పంచలో ఇంకా అట్లాగే మూతి కట్టి ఉన్న ఉప్పు బస్తా ఆయనకు ఆ క్షణంలో గుర్తొచ్చిందని నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే గుర్తొచ్చింది.

ఆ ఎండాకాలం మా అత్తగారి ఊరికని సోమశిల వైపు పోయాను. పెన్న మీది డ్యాములో నీళ్ళు బాగా దిగిపోయి ఉన్నాయి. మునిగిపోయిన పల్లెల మొండి గోడలు బయటపడి ఉంటే, ఆ పల్లెల నుంచి లేచిపోయినవాళ్ళు కొందరు వచ్చి ఇది మా ఇల్లు, ఇది మా పెద్దమ్మ ఇల్లు అని పిల్లలకు చూపిస్తున్నారు. ఆ గోడల చుట్టూ మేటలు వేసిన ఇసుక, ఒండ్రు. నేను ఒక మేట మీద నిలబడ్డాను. తుఫాను కోసుకుపోయిన దాన్ని ఒకప్పుడు ఏరు తెచ్చి పూడ్చేదని, ఇప్పుడు ఏరు తేవడం లేదని ఆసామి అన్న మాట గుర్తొచ్చింది. తేవాల్సిన ఇసుక కొంత ఇక్కడ నా కాళ్ళ కిందే ఉంది. కొంత పెన్నలో నుంచి ట్రాక్టర్ల మీద ఊళ్ళకు పోయి ఇళ్ళయింది, అందులో నా షాపు గోడలూ ఉన్నాయి. ఈ నీళ్ళతో మా వైపు నాలుగు గింజలు పండుతున్నాయి, నేను ఎవర్నీ తిట్టలేను. కానీ ఆ మేట మీద నాకు ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు.

నాయన మళ్ళీ సముద్రం మొహం చూడలేదు. నా దగ్గరికి వచ్చేశాడు. పొద్దస్తమానం షాపు ముందు బెంచీ మీద కూర్చొని, మందులకొచ్చిన వాళ్ళ గొర్రెల పళ్ళు చూసి వయసు చెబుతాడు. టీవీలో తుఫాను అన్న మాట వస్తే లేచి బయటికి పోతాడు. అక్క మాత్రం మిగిలిన వాటితోనే మళ్ళీ మందను నిలబెట్టింది. ఏటా పోతుంది. ఇప్పుడక్కడ మొదటి తిప్ప లేదు, నడిమి తిప్పే మొదటిదయింది. దాని అంచున సరుగుడు చెట్లు వేళ్ళు బయటపడి ఒక్కొక్కటే సముద్రంలోకి ఒరుగుతున్నాయి. ఆమె గుడారం ఆ తోపులోనే. వద్దని నేను ఎన్నోసార్లు పోట్లాడాను. మేత యాడుంటే ఆడికి పోవాల, నీ షాపులో కట్టుకుంటావా నా గొర్రెల్ని అంటుంది. నాయన ఆమెను వద్దనడు, పొమ్మనడు. లారీ బయల్దేరే రోజు మాత్రం ఉప్పు బస్తాను తన చేత్తోనే లారీలోకి ఎక్కిస్తాడు. అక్క నవ్వుతుంది, ఆయన నవ్వడు.

ఈ ఏడు మళ్ళీ మా వైపు వానలు లేవు. మళ్ళీ కార్తీకం వచ్చింది. మళ్ళీ మంద తిప్ప మీదే ఉంది, మళ్ళీ గొర్రెలు చూడితో ఉన్నాయి. మొన్న సాయంత్రం అక్క నులిపురుగుల మందు కావాలని షాపుకు ఫోను చేసింది. నా చేతులు ఖాళీగా లేక స్పీకరు పెట్టాను. నాయన బెంచీ మీదే ఉన్నాడు. మేత ఎట్లా ఉంది, బావ వచ్చిపోయాడా అని మాట్లాడి, అలవాటుగా చెలమ నీళ్ళు చప్పగానే ఉన్నాయా అని అడిగాను.

"మేం తాగేది క్యాను నీళ్ళు కదరా, చెలమ నీళ్ళ రుచి నాకేం తెలుసు?" అంది. "గొర్రెలు మాత్రం ఈ ఏడు దోనె వదలటంలా. ఎంత పోసినా తాగతానే ఉండాయి."

సీసా మూత తిప్పుతున్న నా చేయి ఆగిపోయింది. నేను ఏదో అనేలోపే నాయన లేచి వచ్చి కౌంటరు మీద నుంచి ఫోను తీసుకున్నాడు. ఆ తుఫాను తర్వాత ఆయన ఆమెతో సముద్రం గురించి ఒక్క మాట మాట్లాడటం నేను వినలేదు. ఉప్పు చల్లుతున్నావా అని అడిగాడు. అక్క ఈ మధ్య చల్లలేదట. అవి అడగడం లేదు కాబట్టి ఆమెకు గుర్తు రాలేదట.

"ఇప్పుడు చల్లు. నేను ఫోను పెట్టను."

ఆయన గొంతులో ఏముందో గానీ, అక్క వెంటనే కదిలింది. ఫోనులో ఆమె ఇసుకలో నడుస్తున్న చప్పుడు వినిపించింది. బస్తా విప్పుతున్న గరగర. పలక రాయి మీద కల్లుప్పు పడిన చప్పుడు. తర్వాత ఆమె మందను పిలిచింది, మా ఇంట్లో అందరం పిలిచే పిలుపే, నాలుక అంగిలికి తగిలించి. డెక్కల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేనితనం వెనక సముద్రం చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. నాకు తెలిసిన నడిమి తిప్ప మీద అది ఇంత దగ్గరగా వినిపించేది కాదు. షాపుకు వచ్చిన మనిషి ఎవరో మందు అడిగితే నాయన చెయ్యెత్తి ఆగమన్నాడు.

"నాయనా," అంది అక్క చాలాసేపటికి. ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులాగా ఉంది. "వాసన చూసి పక్కకు పోతాండాయి. ఒక్కటి కూడా మూతి పెట్టలా."

నాయన కళ్ళు మూసుకున్నాడు.

"మందను లేపమ్మా," అన్నాడు. "ఇప్పుడే లేపు. తాళ్ళ తిప్ప మీద కూడా ఆగొద్దు."